బండిలో మనిషి చోటు



ఎవరి పేరు మీద ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు ఈ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పారు. ఆయన దగ్గర చదువుకున్న నేను వైద్యంలోకి వెళ్లి, ఉద్యోగకాలంలో ఎక్కువ భాగం ప్రభుత్వాసుపత్రుల క్యాజువాలిటీల్లో, ఎముకల వార్డుల్లో గడిపాను. కదిలే వస్తువు ఏదో ఒక బలం వచ్చి ఆపేదాకా కదులుతూనే ఉంటుందని ఆయన బోర్డు మీద రాసేవారు. ఆ వాక్యం బరువెంతో నాకు ఆసుపత్రిలో తెలిసింది. నిర్వాహకులు రహదారి భద్రత గురించి మాట్లాడమన్నారు. అది ఒక సాయంత్రానికి సరిపోయే విషయం కాదు. అందులో ఒక్క ముక్క తీసుకుంటాను. ప్రమాదంలో మనిషి బండిలోంచి బయటికి ఎగిరిపడితే ఏమవుతుంది, ఎగిరిపడకుండా ఎలా ఆపాలి, ఆపటానికి మన దగ్గర ఉన్న ఏర్పాట్లు ఎవరికి అందుతున్నాయి, ఎవరికి అందటం లేదు అన్నదే ఈ ప్రసంగం.

క్యాజువాలిటీ వరండాలో బంధువులు చెప్పుకునే మాట ఒకటి ఉద్యోగంలో చేరిన కొత్తల్లో విన్నాను, రిటైరయ్యే ముందూ విన్నాను. "బయటికి ఎగిరిపడ్డాడు గనక బతికాడు, లోపలే ఉంటే నుజ్జయిపోయేవాడు." బండి ముందుభాగం లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది, దాన్ని చూసినవాళ్లకు ఆ మాట నిజమనే తోస్తుంది. పైగా అలా పడి బతికినవాడు ఊళ్లో తిరుగుతూ తన కథ పదిమందికి చెబుతాడు. పడి చనిపోయినవాడి కథ పోస్ట్‌మార్టం కాగితంలో ఉండిపోతుంది. అందుకే ఈ నమ్మకం తరం తర్వాత తరానికి అందుతూ వచ్చింది. బెల్టు పెట్టుకోకపోవడానికి బద్ధకం ఒక కారణమైతే, లోపల ఇరుక్కుపోతామన్న ఈ భయం రెండో కారణం. ఇది పూర్తిగా తప్పుడు నమ్మకం. దీనివల్ల ప్రాణాలు పోతున్నాయి.

లెక్క చూద్దాం. గంటకు 72 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 20 మీటర్లు. మన హైవేల మీద దాన్ని ఎవరూ వేగమనే అనుకోరు. ఆ వేగంతో పోతున్న కారు కల్వర్టు గోడను గుద్దుకుంటే సెకనులో పదోవంతు కాలంలో ఆగిపోతుంది. కారు ఆగింది కానీ లోపలి మనిషిని ఇంకా ఎవరూ ఆపలేదు. అతను అదే 20 మీటర్ల వేగంతో ముందుకు పోతూనే ఉంటాడు. సుమారు 20 మీటర్ల ఎత్తు నుంచి, అంటే ఆరంతస్తుల మేడ మీంచి దూకితే నేలను ఏ వేగంతో తాకుతామో అదే వేగం అది. గంటకు 54 కిలోమీటర్లయినా పదకొండు మీటర్ల పైనుంచి పడ్డట్టే. పక్కింటి మేడ మీంచి దూకమంటే దూకని మనిషి బెల్టు లేకుండా అంత వేగంతో హాయిగా ప్రయాణం చేస్తాడు.

బండి ముందుభాగం నొక్కుకుపోయేది లోపలివాళ్లను చంపడానికి కాదు. అలా నొక్కుకుపోయేటట్టే దాన్ని తయారుచేస్తారు. ఆ ఇనుము ముడుచుకునేటప్పుడు దెబ్బ తాలూకు శక్తి దానిలో ఖర్చవుతుంది, బండి ఆగటానికి పట్టే కాలం కొంచెం పెరుగుతుంది. బెల్టు పెట్టుకున్న మనిషి బండితోపాటే ఆగుతాడు కాబట్టి ఆ కాలం అతనికీ దక్కుతుంది. దెబ్బ కూడా భుజం ఎముక, ఛాతీ, కటి ఎముకల మీద పరుచుకుంటుంది. బయటికి పోయినవాడికి ఇవేవీ లేవు. అతన్ని ఆపేది డివైడర్ అంచో, మైలురాయో, కరెంటు స్తంభమో, తారురోడ్డో అవుతుంది. వాటిలో ఏదీ మనిషి తలను దృష్టిలో పెట్టుకుని కట్టింది కాదు.

బండి పల్టీలు కొట్టినప్పుడు పరిస్థితి ఇంకా ఘోరం. చాటలో చెరిగే గింజల్లా మనుషులు లోపల ఎగిరెగిరి పడతారు. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొరతో ఉంటుంది కాబట్టి పగిలినా చాలావరకు అతుక్కునే ఉంటుంది. పక్క అద్దాలు సాధారణంగా అలా ఉండవు, చిన్నచిన్న ముక్కలై రాలిపోతాయి. అప్పుడు కిటికీ పెద్ద కన్నమే. తలుపు తెరుచుకుంటే మరీ సులువు. సగం దేహం బయటికి వచ్చిన క్షణంలో బండి అటువైపే దొర్లితే ఏం జరుగుతుందో ఈ సభలో వర్ణించను. దూరంగా పడ్డవాడికి వెనక వచ్చే లారీతో ప్రమాదం. నేను చూసిన కేసుల్లో తల, మెడ వెన్నుపూసలు, కటి ఎముక మూడూ ఒకే మనిషిలో దెబ్బతిన్నవి తరచు ఇలా బయటపడ్డవాళ్లవే. బతికినవాళ్లలో కొందరు మెడ కింద కదలిక లేకుండా మంచం మీద ఏళ్లు గడిపారు. "బయటపడి బతికాడు" అన్న మాట చెప్పేవాళ్లు ఆ మంచం దగ్గరికి వెళ్లి చూసి రావాలి.

ఈ సంగతిని శాస్త్రంగా మొదట పట్టుకున్నవారిలో అమెరికా ఇంజనీరు హ్యూ డి హేవెన్ ముఖ్యుడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కెనడాలో విమానం నడపటం నేర్చుకుంటూ గాలిలో జరిగిన ప్రమాదం నుంచి బతికి బయటపడ్డాడు. తాను ఎందుకు బతికాడన్న ప్రశ్న ఆయన్ని వదల్లేదు. తర్వాత కార్నెల్ విశ్వవిద్యాలయంలో కారు ప్రమాదాల గాయాల మీద పరిశోధన నడిపాడు. ప్రమాదం ఎందుకు జరిగిందని పోలీసులు అడుగుతారు, ఆయన బృందం మనిషిని గాయపరిచింది ఏమిటని అడిగింది. 1950లలో ఆ పరిశోధనలో తేలిన పెద్ద సంగతి ఏమిటంటే, దెబ్బకు తలుపులు తెరుచుకుని జనం బయటికి పడిపోతున్నారని, అలా పడ్డవాళ్లు లోపల ఉన్నవాళ్లకన్నా చాలా ఎక్కువగా చనిపోతున్నారని. ఆ దశాబ్దం మధ్య నుంచి అమెరికా కార్ల తలుపు గడియలు గట్టిపడ్డాయి. ఇవాళ మన కారు తలుపు దెబ్బకు ఊరికే తెరుచుకోదంటే దాని వెనక ఆ శ్రమ ఉంది.

తర్వాత స్వీడన్ దేశస్థుడు నీల్స్ బోలిన్. ఆయన సాబ్ విమానాల కంపెనీలో పైలట్‌ను ఆపదలో బయటికి విసిరే సీట్లు రూపొందించే పని చేసేవాడు. 1958లో వోల్వోలో చేరి, 1959లో మనిషిని లోపలే పట్టి ఉంచే మూడు బిందువుల బెల్టు తయారుచేశాడు. భుజం మీంచి ఒకటి, నడుం మీంచి ఒకటి, పక్కన ఒకే చోట తగిలించే కొక్కెం. ఒక్క చేత్తో పెట్టుకోవచ్చు. పైలట్‌కు పారాచూట్ ఉంది, కారులో మనిషికి లేదు. ఒకచోట విసరటమే రక్షణ అయితే మరోచోట పట్టి ఉంచటమే రక్షణ అని రెండు పనులూ చేసిన మనిషికి తెలుసు. వోల్వో ఆ పేటెంటును మిగతా కంపెనీలు కూడా వాడుకోవటానికి వదిలేసింది. పరిశ్రమల చరిత్రలో అంతకన్నా గొప్ప దానం నాకు తెలియదు. 1970 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం బెల్టు పెట్టుకోవటాన్ని తప్పనిసరి చేసింది. ప్రపంచంలో అలాంటి మొదటి చట్టం అదే.

అమెరికా రహదారి భద్రతా సంస్థ ప్రాణనష్టం జరిగిన ప్రమాదాల లెక్కలు ఏళ్లుగా తీస్తోంది. అలాంటి ప్రమాదాల్లో కారులోంచి పూర్తిగా బయటికి పడ్డవాళ్లలో నలుగురికి ముగ్గురు, ఒక్కో ఏడు అంతకన్నా ఎక్కువమందే చనిపోతున్నారు. బెల్టు లేనివాళ్లలో నూటికి ముప్పై మంది దాకా బయటికి పడుతుంటే, బెల్టు ఉన్నవాళ్లలో అలా పడేది నూటికి ఒక్కరు. ఇంత తేడా చూపించే మందులు మా వైద్యంలో ఎన్నో లేవు.

మన దగ్గరికి వద్దాం. 2014 ఏప్రిల్ 23 రాత్రి ఎన్నికల ప్రచారం ముగించుకుని ఆళ్లగడ్డకు వెళ్తున్న అక్కడి అభ్యర్థి శోభా నాగిరెడ్డి గారి బండి, రోడ్డు మీద పోసిన ధాన్యం కుప్పను తప్పించబోయి పల్టీలు కొట్టింది. ఆమె బండిలోంచి బయటికి పడిపోయారని, బెల్టు పెట్టుకోలేదని ఆనాటి వార్తలు చెప్పాయి. మర్నాడు హైదరాబాదు ఆసుపత్రిలో కన్నుమూశారు. చనిపోయిన తర్వాత జరిగిన పోలింగులో ఆళ్లగడ్డ ప్రజలు ఆమెనే గెలిపించారు. ఇక్కడున్న రైతు సోదరులకు ఒక మాట. ఆరబోసుకోవటానికి కళ్లాలు లేకే ధాన్యాన్ని రోడ్డెక్కిస్తున్నారని నాకు తెలుసు. ఆ తప్పు మీ ఒక్కరిదే అననుగానీ, చీకట్లో ఆ కుప్ప, దాని చుట్టూ పేర్చిన రాళ్లు ఎవరినో ఒకరిని చంపుతాయి. పంచాయతీలు ఊరికి రెండు సిమెంటు కళ్లాలు కట్టిస్తే అది కూడా రహదారి భద్రతే.

2018 ఆగస్టు 29 తెల్లవారుజామున నందమూరి హరికృష్ణ గారు హైదరాబాదు నుంచి నెల్లూరు జిల్లాకు పెళ్లికి బయల్దేరి, నల్లగొండ జిల్లా అన్నెపర్తి దగ్గర ప్రమాదంలో మరణించారు. బండి ఆయనే నడుపుతున్నారు. బెల్టు లేకపోవడంతో బయటికి ఎగిరిపడ్డారని అప్పట్లో వచ్చిన కథనాలు చెప్పాయి. బండిలో ఉన్న మరో ఇద్దరు గాయాలతో బతికారు. తండ్రి ఎన్టీ రామారావు గారు పార్టీ పెట్టి రాష్ట్రమంతా తిరిగిన రోజుల్లో ప్రచార బండి చైతన్య రథం నడిపిన చేతులవి. స్టీరింగు మీద ఆయనకున్నంత అనుభవం ఈ సభలో ఎవరికీ ఉండదు. నడపటం ఎంత బాగా వచ్చినా బండి అదుపు తప్పిన తర్వాత ఆ నైపుణ్యం పనికిరాదు.

వెనక సీటు సంగతి. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర సూర్యా నది వంతెన మీద జరిగిన ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించారు. వెనక కూర్చున్న ఆయనకు బెల్టు లేదు. బయటికి పడకపోయినా, లోపలే ముందుకు ఎగిరారు. వెనకవాళ్లకు బెల్టు అక్కర్లేదన్న భ్రమ ఆ రోజుతో పోవాల్సింది. మన కేంద్ర మోటారు వాహన నియమాల్లో 138వ నియమం వెనక ముందుకు చూస్తూ కూర్చునేవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలని ఎప్పటినుంచో చెబుతోంది. మోటారు వాహనాల చట్టానికి 2019 సవరణతో వచ్చిన 194బి సెక్షన్ బెల్టు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా వేస్తుంది. అయినా కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో బెల్టు పెట్టుకోని 16,715 మంది చనిపోయారు. వాళ్లలో 8,384 మంది డ్రైవర్లు, 8,331 మంది పక్కన, వెనక కూర్చున్నవాళ్లు. దాదాపు సగం సగం. అదే ఏడాది హెల్మెట్ లేక పోయినవాళ్లు 50,029 మంది. రెండు చక్రాల బండి మీద ప్రమాదమైతే ఎగిరిపడక తప్పదు, అక్కడ తలకు ఉన్న కవచం హెల్మెట్ ఒక్కటే. దాని గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

బెల్టు పెట్టుకోకపోతే కారు చేసే మోత ఆపటానికి ఉత్త కొక్కేలు అమ్మేవారు. బెల్టు బదులు ఆ ముక్క దూరిస్తే చాలు, బండి నమ్మేస్తుంది. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ అంగళ్ల మీద చర్య తీసుకుని వాటిని తీయించింది. అవి మీ బండిలో ఉంటే ఈ రాత్రే తీసి పారేయండి. సన్‌రూఫ్‌లోంచి పిల్లల్ని నిలబెట్టి వీడియోలు తీసే తల్లిదండ్రులకు కూడా చెబుతున్నాను. గట్టిగా బ్రేకు వేస్తే చాలు, ఆ పిల్లవాడికి పట్టు ఉండదు. ఒళ్లో పాపాయిని గట్టిగా పట్టుకున్నాం కదా అంటారు. 54 కిలోమీటర్ల వేగంలో గుద్దుకుంటే పది కిలోల బిడ్డ ఆ క్షణంలో నూట యాభై కిలోల బరువుతో లాగుతుంది. ఏ తల్లి చేతులూ దాన్ని ఆపలేవు. పసిపిల్లలకు వేరే సీటు కావాలి.

ఇంకో భయం గోదావరి, కృష్ణా డెల్టాల నుంచి వచ్చిన మిత్రులు తప్పక అడుగుతారు. "కాలువ గట్టు రోడ్డు మీద పోతాం. బండి నీళ్లలో పడితే బెల్టుతో ఎలా బయటికి రావడం?" ఇది తోసేయాల్సిన ప్రశ్న కాదు. గట్టు మీంచి కాలువలోకి పడే బండి ముందు నేలకో, ఒడ్డుకో, నీటికో గట్టిగా కొట్టుకుంటుంది. బెల్టు లేనివాడి తల అప్పుడే దేనికో తగులుతుంది. స్పృహ తప్పినవాడు తెరిచి ఉన్న తలుపులోంచి కూడా బయటికి రాలేడు. బెల్టు ఉన్నవాడు స్పృహలో ఉండే అవకాశం ఎక్కువ, ఎర్ర బొత్తాం నొక్కి, అద్దం దించి లేదా పగలగొట్టి బయటికి వచ్చే అవకాశం అతనికే ఎక్కువ. కాలువ గట్ల మీద రక్షణ గోడలు లేకపోవటం వేరే నేరం, దానికి అడగాల్సింది నీటిపారుదల శాఖను, రోడ్లు భవనాల శాఖను.

ఇంతవరకు చెప్పిందంతా సీటు ఉన్నవాళ్ల గురించి. నా మనసులో అసలు ఉన్నది సీటే లేనివాళ్ల గురించి.

హరికృష్ణ గారు పోయిన ఆ 2018లోనే, అదే పాత నల్లగొండ జిల్లాలో మరో రెండు ప్రమాదాలు జరిగాయి. ఏప్రిల్‌లో పీఏ పల్లి మండలం వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిది మంది, జూన్‌లో వేములకొండ దగ్గర మూసీ కాలువలో ట్రాక్టరు ట్రాలీ బోల్తాపడి పదిహేను మంది చనిపోయారు. దాదాపు అందరూ పొలం పనికి వెళ్తున్న ఆడవాళ్లు. వాళ్ల పేర్లు మనకు గుర్తులేవు. వాళ్లలో ఎవరూ బెల్టు పెట్టుకోవటం మర్చిపోలేదు. వాళ్లకు పెట్టుకోవటానికి బెల్టు లేదు, కూర్చోవటానికి సీటు లేదు, పట్టుకోవటానికి కడ్డీ లేదు. మట్టి, ఎరువు బస్తాలు మోయటానికి చేసిన ఇనుపతొట్టిలో, పక్క రేకుల అంచుల మీద కూర్చుని వెళ్తున్నారు. తొట్టి ఒరిగితే అంచు మీద ఉన్నవాళ్లు ముందు పడతారు, ఆ తర్వాత తొట్టి వాళ్ల మీద పడుతుంది.

మోటారు వాహనాల చట్టంలో 123వ సెక్షన్ ఉంది. ఫుట్‌బోర్డు మీద, టాపు మీద, బానెట్ మీద ప్రయాణం చేయకూడదంటుంది, బండి శరీరం లోపల తప్ప మనిషిని ఎక్కించకూడదంటుంది. ఉద్దేశం స్పష్టంగానే ఉంది. కానీ మిరప కోతల కాలంలో పల్నాడులోనో, ఖమ్మం జిల్లాలోనో తెల్లవారి ఆరు గంటలకు రోడ్డు మీద నిలబడి చూడండి. డ్రైవరుకు అటు ఇద్దరు, ఇటు ఇద్దరు కూర్చున్న ఆటోలు, వెనక డాలా తెరిచి కాళ్లు వేలాడేసిన ట్రాలీ ఆటోలు, నిండుగా ఆడకూలీలతో ట్రాక్టర్లు కనిపిస్తాయి. నిద్రమత్తులో ఉన్న మనిషి గతుకులో పట్టుతప్పి పడిపోవటానికి ఢీకొనటం కూడా అక్కర్లేదు. ఆ వేళకు బస్సు ఉండదు. మేస్త్రీ ఎవరి బండి చవకగా వస్తే దాన్ని మాట్లాడతాడు. ఎక్కనంటే ఆ రోజు కూలి పోతుంది. వాళ్లను అజ్ఞానులని తిట్టే హక్కు మనలో ఎవరికీ లేదు.

చనిపోయిన తర్వాత కూడా అన్యాయం ఆగదు. సరుకుల బండిలో ఎక్కిన ప్రయాణికుల మరణానికి బీమా కంపెనీ బాధ్యత వహించనక్కర్లేదని ఆశారాణి కేసులో 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం మాటలను బట్టి ఆ తీర్పుకు కారణాలు ఉన్నాయి. ఫలితం మాత్రం ఇది: పరిహారం కోసం కూలీ కుటుంబం ఆ ట్రాలీ యజమాని వెంట పడాలి, అతని దగ్గరా డబ్బు ఉండదు. కారులో పోయినవాడి ఇంటికి వచ్చే బీమా డబ్బు ఆ ఇంటికి చాలాసార్లు రాదు.

దీనికి దారి మన చేతుల్లోనే ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఉంది. కూలీ అక్కచెల్లెళ్లకు చార్జీ అడ్డం కానేకాదు, వేళే అడ్డం. పత్తి ఏరే నెలల్లో, మిరప కోసే నెలల్లో, నాట్ల రోజుల్లో తెల్లవారుజామున, సాయంత్రం ఆ ఊళ్ల మధ్య బస్సులు తిప్పాలి. ఏ మండలం నుంచి ఏ మండలానికి ఎంతమంది వెళ్తారో వ్యవసాయ శాఖకు తెలుసు, మేస్త్రీలకు ఇంకా బాగా తెలుసు. ఆ వివరం డిపో మేనేజరుకు చేరితే చాలు. బస్సు వెళ్లలేని చోటికి సీట్లున్న మినీ వ్యానులు పెట్టటానికి స్వయం సహాయక సంఘాలకు రుణం ఇవ్వవచ్చు. ఈ పని చేయకుండా ట్రాక్టర్లు ఆపి జరిమానా రాస్తే ఆ జరిమానా చివరికి కూలిలోంచే పోతుంది.

ప్రమాద స్థలానికి ముందుగా చేరేది మీరే కాబట్టి వైద్యుడిగా రెండు మాటలు. బండిలో ఎంతమంది ఉన్నారో మొదట అడగండి. లెక్క తగ్గితే ముళ్లపొదల్లో, కాలువ గట్టు కింద, డివైడర్ అవతల టార్చి వేసి వెతకండి. ఎగిరిపడ్డ మనిషి దూరంగా చీకట్లో ఉండిపోయి తెల్లారాక దొరికిన సందర్భాలు నాకు తెలుసు. దొరికినవాడి చేతులూ కాళ్లూ పట్టి ఎత్తకండి. మెడ విరిగి ఉండవచ్చు. మంటలో, నీళ్లలో, వచ్చే బండ్లకు ఎదురుగా లేకపోతే అలాగే ఉంచి, తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుని 108కి ఫోన్ చేయించండి. కేసుల భయం వద్దు. మంచి మనసుతో సాయం చేసినవారి మీద కేసు ఉండకూడదని మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ చెబుతోంది.

ఈ సభలో రైతులున్నారు, ఒకరిద్దరు సర్పంచులున్నారు, మేస్త్రీలు కూడా ఉన్నారని విన్నాను. మీకు నా విన్నపం ఒక్కటే. ఈ కోతల కాలం మొదలయ్యేలోపు మీ మండలంలో కూలీలు వెళ్లే ఊళ్ల పేర్లు, వేళలు, మనుషుల లెక్క ఒక కాగితం మీద రాయండి. కూలీ అక్కచెల్లెళ్ల సంతకాలు, వేలిముద్రలు తీసుకోండి. డిపో మేనేజరుకు ఒక ప్రతి, కలెక్టరు గారికి ఒక ప్రతి ఇవ్వండి. రాయటంలో సాయం కావాలంటే ఈ కళాశాల విద్యార్థులు చేస్తారు, వాళ్లతో కలిసి నేనూ వస్తాను.